అరువు కేక

ఎనిడ్, నువ్వు పదకొండుసార్లు చచ్చిపోయావు.
పదకొండుసార్లూ అరిచింది నేను.

రోమ్‌లో, ఒక బేకరీ వెనక,
కోడిగుడ్ల అట్టలు అతికించిన గదిలో
చెప్పులు విప్పి, స్టాండు పట్టుకుని నిలబడేదాన్ని.
తెర మీద నీ నోరు తెరుచుకునేది.
దాన్ని నింపడం నా పని.
రీలుకి ఇంతని కూలి.
కేకకి వేరే రేటు లేదు, అడిగి చూశాను.

మీ సెట్లో మైకు ఉండేది కాదు.
వడ్రంగులు మేకులు కొడుతూనే ఉండేవాళ్ళు,
డైరెక్టర్ బెర్తోల్డి రొట్టె నములుతూ
ఇటు చూడు, భయపడు, ఇక చావు, అనేవాడట.
నువ్వు ఇంగ్లీషులో, నీ ప్రియుడు జర్మన్‌లో,
నిన్ను పాతిపెట్టే ముసలాయన నేపుల్స్ యాసలో బూతులు.
అన్నీ నా దగ్గరికి మూగగా వచ్చేవి,
గాజుతొట్టిలో చేపల నోళ్ళలా.

చేపలంటే గుర్తొచ్చింది.
నువ్వు గ్రిమ్స్‌బీ రేవులో
హెరింగుల పొట్టలు చీల్చేవాళ్ళ పిల్లవని
ఏ పోస్టరూ చెప్పలేదు.
ఎనిడ్ క్లాక్స్‌టన్ అన్న పేరు మావాళ్ళ నోట్లో గులకరాయి.
ఇసోల్డా వేన్ అని పెట్టారు,
కార్పేథియన్ కొండల రక్తమని పుకారు పుట్టించారు.
నువ్వు శనివారం జీతం లెక్కపెట్టుకుని
సగం మీ అమ్మకి మనియార్డరు చేశావు.

తెలుపు నలుపులో నీ కళ్ళు రెండు బావులు.
మొదటి సినిమాలో శవపేటిక మూత లేచినప్పుడు
నా లైను నేను మర్చిపోయాను.
నెత్తురుకి చాక్లెట్ పాకం పూసేవాళ్ళట,
చీమలు నీ మెడదాకా పాకేవట.
కోట ఒక్కటే, పన్నెండు రోజుల అద్దె.
తెరలు మారిస్తే ఇంకో శతాబ్దం.

తర్వాత రంగులొచ్చాయి.
నీ కళ్ళు మామూలు ఆకుపచ్చని లోకానికి తెలిసిపోయింది.
క్లోజప్పులన్నీ కత్తి పట్టుకున్న చేతితొడుగులకే.
మొదటి రీల్లోనే పోయే వేషాలకి దిగావు నువ్వు.
నాకూ కూలి తగ్గింది.

నీకు చెప్పనిది ఒకటుంది.
ఆ కేక నాది కూడా కాదు.

శాన్ లోరెంజో మీద బాంబులు పడ్డ రోజు
మా పిన్ని నెల్దా, రాళ్ళగుట్ట పక్కన,
ఒక చిన్న చెప్పు చేత్తో పట్టుకుని...
నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
ఎక్కడ మొదలైందో, ఎక్కడ విరిగిందో
నా చెవిలో అలాగే ఉండిపోయింది.
నీ నోరు తెరుచుకున్నప్పుడల్లా అదే తీసి వాడాను.
కుర్రాళ్ళు గుమ్మడి గింజలు ఒలుచుకుంటూ ఈలలేశారు.
పిన్నిని మాత్రం ఒక్క ఆటకీ తీసుకెళ్ళలేదు.

మీ ఊళ్ళో మీ అమ్మ చూసిందట,
ఇంకెవరో అమెరికావిడ గొంతుతో.
మొహం మా ఎనిడ్‌దే, లోపల ఎవరో దూరారు, అందట.
దెయ్యం సినిమాకి అంతకన్నా మంచి సమీక్ష నేను చదవలేదు.

నలభై ఏళ్ళకి టూరిన్‌లో నీకు సన్మానం.
సరదాగా ఒక్కసారి అరవమన్నారు.
తెల్లజుట్టుతో నువ్వు నోరు తెరిచావు,
పాత అలవాటు కదా, పెదవులు మాత్రమే.
మూడో వరసలో నేను అప్పటికే లేచాను,
చెప్పులు విప్పేసి.
దగ్గొచ్చింది. అంతే.
జనం నవ్వి చప్పట్లు కొట్టారు.

ఆ రాత్రి హోటల్లో నీ గొంతు మొదటిసారి విన్నాను.
బొంగురు. ఉప్పుగాలికి బిగిసిన తలుపు.
ఇన్నాళ్ళూ దీనికి పట్టుగుడ్డ కప్పానా అని సిగ్గేసింది.
వేయించిన చేప తెప్పించుకుని
కత్తి ఒక్క తిప్పు తిప్పి వెన్నుముల్లు తీసి పక్కన పెట్టావు.
భయమేసేదా అన్నాను.
పేటికలోనైతే కాళ్ళకి కాస్త విశ్రాంతి, అన్నావు.

నా పేరడిగావు. ఎర్సీలియా అన్నాను.
పలకడానికి నీ పెదవులు మూడుసార్లు కదిలాయి.
నేను చూస్తూ కూర్చున్నాను.
అందించలేదు.